ముహూర్తానికి ఒక కెమెరా, పాపాయికి ఒక కెమెరా

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఐదేళ్లుగా ఒక స్టూడియోలో అసిస్టెంటుగా చేశాను. ఈ సీజన్ నుంచి సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాను. నా దగ్గర కెనాన్ 200డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, ఒక 50 ఎంఎం లెన్సు, మా ఓనరు గారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 ఉన్నాయి. అవన్నీ అమ్మేసి సోనీకి వెళ్లిపొమ్మని ఫ్రెండ్స్ అంటున్నారు. యూట్యూబ్‌లో చూస్తే నికాన్ జెడ్6 త్రీ అంటున్నారు. చేతిలో లక్షన్నర ఉంది. ఇంకో లక్షన్నర ఫైనాన్సులో తీసుకుందామనుకుంటున్నాను. ఇంట్లో పది నెలల పాప ఉంది, కెమెరా ఎత్తితే చాలు ఏడుపు. పెళ్లిళ్లకీ పాపకీ ఒకే కెమెరా సరిపోతుందా? ఏ కంపెనీది తీసుకోమంటారు? క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా పట్టుకెళితే పెళ్లివాళ్లు చులకనగా చూస్తారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వస్తువు గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్లిపోయారు. ఆ 70-200. అది మీ చేతిలో ఉండగా ఏ కంపెనీ అన్న ప్రశ్నే లేదు. కెనాన్‌లోనే ఉండండి. సెకండ్‌హ్యాండ్‌లో మంచి ఆర్6 ఒకటి వెతుక్కోండి, అది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా. మొదటి ఆర్6 చాలు, మార్క్ టూ అక్కర్లేదు. ఫైనాన్సు జోలికి వెళ్లకండి. 200డి అమ్మకండి, అది పాప కెమెరా. జవాబు ఇంతే. ఎందుకో చెబుతాను, నచ్చకపోతే మీ ఫ్రెండ్స్ మాటే వినండి.

కొత్తగా వచ్చినవాళ్లు బాడీ చూసి కంపెనీని ఎంచుకుంటారు. బాడీకి మూడేళ్లు తిరక్కుండానే కొత్త మోడల్ వస్తుంది, పాతదాని ధర పడిపోతుంది. లెన్సు అలా కాదు. మీ 70-200 తగిలే ఈఎఫ్ మౌంట్ 1987లో పుట్టింది. బహుశా మీకంటే పెద్దది. ఆ ఏడాది వచ్చిన లెన్సు కూడా ఇవాళ్టి ఆర్6 మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది, మధ్యలో ఒక అడాప్టర్ పెడితే చాలు. అడాప్టర్ అనగానే క్వాలిటీ పోతుందేమోనని చాలామందికి భయం. అందులో గాజే లేదు, పోవడానికి ఏముంది? మీ 200డి లాంటి పాత డీఎస్ఎల్ఆర్‌లో అద్దం కదలడానికి చోటు కావాలి కాబట్టి లెన్సు మౌంటుకీ సెన్సర్‌కీ మధ్య 44 మిల్లీమీటర్లు వదిలేవారు. 2018లో కెనాన్ తెచ్చిన ఆర్ఎఫ్ మౌంట్‌లో అద్దం లేదు, 20 సరిపోయింది. తేడా 24 మిల్లీమీటర్లు. అంత పొడుగున్న ఖాళీ గొట్టం, రెండు చివర్లా కరెంటు తగిలే పిన్నులు, అదే అడాప్టర్. అదే లెన్సును సోనీ మీద వాడాలంటే బయటి కంపెనీల అడాప్టర్లు కొనాలి. పగలు బాగానే ఉంటాయి, రాత్రి రెండింటి ముహూర్తానికి ఫోకస్ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే రెండు సెకన్లలోనే అడ్డుతెర దిగిపోతుంది.

మీ ఫ్రెండ్స్ చెప్పింది తప్పని కాదు. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి సోనీ 2013లోనే దిగింది. కెనాన్, నికాన్ వచ్చేసరికి 2018 అయింది. ఆ ఐదేళ్లలో మనవైపు క్యాండిడ్ కుర్రాళ్లు చాలామంది అటు వెళ్లిపోయారు. పైగా సోనీ తన మౌంట్‌ని బయటివాళ్లకి ఇచ్చింది. అందుకే టామ్రాన్ 28-75, సిగ్మా 24-70 లాంటివి కంపెనీ లెన్సు కంటే బాగా తక్కువ ధరకి దొరుకుతాయి. కెనాన్ ఈ విషయంలో పిసినారి. ఆర్ఎఫ్ తలుపు చాలాకాలం మూసే ఉంచి, 2024లో క్రాప్ సెన్సర్ లెన్సుల వరకు సిగ్మా, టామ్రాన్‌లను రానిచ్చింది. మీ దగ్గర లెన్సులేవీ లేకుండా ఇదే ఉత్తరం రాసి ఉంటే నేనూ సోనీయే అనేవాణ్ని. కానీ మీకు ఆర్ఎఫ్ లెన్సులతో పనేముంది? అందరూ మిర్రర్‌లెస్‌కి మారుతున్నారు కాబట్టి ఏ స్టూడియోలో అడిగినా ఈఎఫ్ లెన్సులు మూలన కూర్చుని ఉన్నాయి. సోనీకి వెళ్లిన మీ ఫ్రెండ్స్ దగ్గరే అడగండి, 85 ఎఫ్ 1.8 ఒకటి బయటపడుతుంది. 1992 నాటి డిజైను, పెళ్లికూతురి ముఖం మీద ఇవాళ్టికీ వంక పెట్టలేం.

నికాన్ గురించి రెండు ముక్కలు. జెడ్6 త్రీ మంచి కెమెరా, అందులో సందేహం లేదు. నికాన్ లెన్సులు ఉన్నవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. మరీ పాత ఏఎఫ్-డి లెన్సులు మాత్రం వాళ్ల అడాప్టర్ మీద ఆటోఫోకస్ కావు, అందులో మోటారు లేదు. మీకు ఆ గొడవే లేదు కాబట్టి ముందుకు పోదాం.

200డితోనే పెళ్లిళ్లు లాగించెయ్యకూడదా అంటారేమో. కూడదు. సెన్సర్ చిన్నదని కాదు నేననేది. కార్డు ఒక్కటే అని. చాలా ఏళ్ల కిందట అమలాపురం దగ్గర ఒక పెళ్లి చేశాను. ఒకే కార్డున్న కెమెరా. తలంబ్రాలు మొదలు అప్పగింతల దాకా ఉన్న కార్డు మర్నాడు కంప్యూటర్లో పెడితే ఫార్మాట్ చెయ్యమని అడిగింది. రికవరీ సాఫ్ట్‌వేర్లన్నీ అయ్యాయి, హైదరాబాద్ కూడా పంపించాను. వచ్చినవి పదకొండు ఫొటోలు, వాటిలో సగం బూడిద రంగు చారలు. వీడియోలోంచి స్టిల్స్ తీసి ఆల్బమ్ నింపాను. పెళ్లికూతురి నాన్నగారు ఆల్బమ్ మొత్తం తిప్పి చూసి, మిగతా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు. తిట్టినా బాగుండేది. ఆ తరవాత రెండు కార్డులు లేని కెమెరాతో మండపం ఎక్కలేదు.

ఆర్6లో రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి. మెనూలో రెండింటికీ ఒకేసారి రాసేలా పెట్టుకోండి. ఒకటి నిండాక రెండోది అన్న సెట్టింగ్ కాదు. ఇక్కడే ఒక ఊబి ఉంది, జాగ్రత్త. ఆర్8 అని ఇంకో మోడల్ కనిపిస్తుంది. ఆర్6 మార్క్ టూలోని సెన్సరే, బరువు 461 గ్రాములే, ధర కూడా లాగుతుంది. కానీ కార్డు ఒక్కటే, బాడీలో చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ మీ 200డిలో ఉన్న ఆ చిన్న బ్యాటరీయే. ఇంట్లోకి అద్భుతం. ముహూర్తానికి వద్దు.

ఇక ఫుల్‌ఫ్రేమ్ వల్ల వచ్చేదేమిటి? 200డి సెన్సర్ విస్తీర్ణం సుమారు 330 చదరపు మిల్లీమీటర్లు, ఫుల్‌ఫ్రేమ్‌ది 864. అంటే అదే ఎక్స్‌పోజర్‌లో రెండున్నర రెట్ల పైన వెలుతురు పోగవుతుంది. వెలుతురు తక్కువైనప్పుడు పెట్టే ఐఎస్ఓ 6400 దగ్గర ఆ తేడా చీర జరీలో కనబడుతుంది. జరీ జరీలా ఉంటుందా, పసుపు మరకలా ఉంటుందా అన్నదంతా అక్కడే.

దానికంటే పెద్ద తేడా ఫోకస్‌ది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు ఫోకస్ కొలిచేది ఫొటో తీసే సెన్సర్ కాదు, అద్దం కింద ఉండే వేరే చిన్న సెన్సర్. రెండింటికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా లెన్సు బాగా తెరిచిన ఎఫ్ 1.8లో కన్ను కాకుండా చెవి కమ్మ షార్ప్‌గా వస్తుంది. కమ్మ మెరుపు చూసి మొదట మురిసిపోతాం, పెద్దది చేసి చూశాక గుండె జారుతుంది. మిర్రర్‌లెస్‌లో కొలిచేదీ తీసేదీ ఒకే సెన్సర్. కన్నును పట్టుకుని వదలదు. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ మీకు తెలిసిందే కదా. పంతులుగారి భుజం అడ్డం, మేనత్తగారి చెయ్యి అడ్డం, వీడియో లైటు ఒక పక్క నుంచే, అబ్బాయి తల మీద అమ్మాయి చెయ్యి. మీరు కింద మెట్ల దగ్గర నుంచి 70-200తో ఆ సందులోంచి చూస్తున్నారు. అమ్మాయి రెప్ప ఎత్తి చూసేది ఒక్కసారే. అప్పుడు ఫోకస్ పాయింటు జరుపుకుంటూ కూర్చుంటే కుదరదు.

మిర్రర్‌లెస్‌కి మారినవాళ్లు మొదటి పెళ్లిలోనే చేసే తప్పు ఒకటి చెప్పాలి. సైలెంట్ షట్టర్ ఉంది కదా అని మంత్రాల మధ్య చప్పుడు కాకుండా తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే ఫొటో నిండా అడ్డచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫొటోని పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది కాబట్టి ఆ మినుకు చారలై పడుతుంది. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే మరీను. మండపంలో మెకానికల్ షట్టరే వాడండి. షట్టర్ స్పీడు 1/100 దగ్గర ఉంచి చూడండి, ఎల్‌ఈడీ వాల్ సంగతి వేరు గానీ మామూలు లైట్ల గొడవ చాలావరకు తగ్గుతుంది. చప్పుడుకి పంతులుగారు ఏమీ అనరు, సన్నాయి మోత ముందు మన షట్టర్ ఎంత?

ఆర్6 ఇరవై మెగాపిక్సెల్సేనా, నా 200డికే ఇరవై నాలుగు ఉన్నాయి కదా అని మీకు అనిపించి ఉంటుంది. లెక్క చూడండి. మనవాళ్లు కొట్టించే కరిజ్మా ఆల్బమ్ షీటు 12 ఇంటూ 36 అంగుళాలు, అంటే పేజీ 12 ఇంటూ 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున పేజీ నిండా ఒకే ఫొటో వెయ్యాలంటే 5400 ఇంటూ 3600 కావాలి. ఆర్6 ఫైలు 5472 ఇంటూ 3648. కుట్టించినట్టు సరిపోయింది. రెండు పేజీలూ పరుచుకునేలా ఒకే ఫొటో వేస్తే అంగుళానికి 150కి దిగుతుంది. సోఫాలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లకి ఆ తేడా కనబడదు. నలభై ఐదు మెగాపిక్సెల్స్ తీసుకుంటే హార్డ్‌డిస్కులు నిండుతాయి, మీ పాత కంప్యూటర్ మూలుగుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి. మీ 18-55 ఆర్6 మీద పనికిరాదు. తగులుతుంది, కానీ సెన్సర్‌లో మధ్య ముక్కనే వాడుకుని ఫొటో ఎనిమిది మెగాపిక్సెల్స్ లోపుకి పడిపోతుంది. కాబట్టి గ్రూప్ ఫొటోలకి ఒక లెన్సు కావాలి. ఈఎఫ్ 24-70 ఎఫ్ 2.8 దొరికితే మంచిదే, లేదంటే 24-105 ఎఫ్ 4తో మొదలుపెట్టండి. గ్రూప్ ఫొటోలు ఎలాగూ ఫ్లాష్‌తోనే తీస్తారు. 50 ఎంఎం మాత్రం ఈఎఫ్‌దే అయితే ఇప్పుడే అసలు 50 అవుతుంది. ఇన్నాళ్లూ 200డి మీద అది 80 లాగా పనిచేసింది, అందుకే మీరు గది మూలకి వెనక్కి వెనక్కి నడిచి ఉంటారు.

డబ్బు సంగతి. మీ లక్షన్నరలో సెకండ్‌హ్యాండ్ బాడీ, అడాప్టర్ వస్తాయి. బేరం బాగా కుదిరితే లెన్సుకి కూడా కొంత మిగులుతుంది. మొత్తం బాడీ మీదే పెట్టెయ్యకండి. ఇంకో రెండు బ్యాటరీలు, నాలుగు మంచి కార్డులు, రెండు హార్డ్‌డిస్కులు అందులోంచే రావాలి. ఇవి కొన్నట్టు ఎవరికీ కనిపించవు, అందుకే ఎవరూ కొనరు. ఫైనాన్సు ఎందుకు వద్దంటున్నానంటే, కొత్తగా మొదలుపెట్టినవాడికి పెళ్లిళ్లు మాఘంలో నాలుగు వస్తాయి, ఆషాఢంలో సున్నా. మూఢం వస్తే ముహూర్తాలు ఉండవు, ఈఎంఐకి మూఢం ఉండదు. రెండు సీజన్లు గడిచాక, అడ్వాన్సులు ఏ నెలలో ఎంత వస్తాయో మీకే లెక్క తెలిశాక అప్పుడు ఆలోచించండి.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు అసలు బిల్లు అడగండి, బిల్లు మీద సీరియల్ నంబరూ బాడీ కింద నంబరూ కలుస్తున్నాయో చూడండి. మీ కార్డులు మీరే తీసుకెళ్లి రెండు స్లాట్లలోనూ రాయించండి. ఎఫ్ 16లో తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. ఫ్లాష్ తగిలించి పది దెబ్బలు కొట్టండి. ఫ్లాష్ కాళ్లు దిగే ఆ గాడి వదులైపోయిన కెమెరాలు చాలా ఉంటాయి, మన పనే అలాంటిది. షట్టర్ కౌంట్ (ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) ఒక్కటే చూసి మోసపోకండి.

మరో సంగతి, ఇది మీ 70-200కి కూడా. మీది కాలవల ఊరు. గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది, లెన్సులకి ఫంగస్ అక్కడ ఇంటి చుట్టం. ఇవాళ రాత్రే లైట్లు ఆపి, లెన్సు రెండు మూతలూ తీసి, వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందునుంచి ఏటవాలుగా చూడండి. ధూళి అయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ఏం పరవాలేదు. సాలెగూడు పోగుల్లాగా అంచునుంచి మధ్యకి పాకుతుంటే ఫంగస్. మొదట్లోనే అయితే శుభ్రం చేయిస్తే పోతుంది, ఆలస్యం చేస్తే గాజు పూతని తినేస్తుంది. బ్యాగులో పెట్టి బీరువాలో తోసెయ్యడం మానండి. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, లోపల చిన్న తేమ మీటరు. నలభై, యాభై శాతం మధ్య ఉంటే చాలు. నీలం రంగు గింజలు గులాబీకి తిరిగితే పెనం మీద సన్నసెగన వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. వంటింట్లో పెనం కాదు, దీనికని వేరే పాతది పెట్టుకోండి.

పెళ్లివాళ్ల చులకన గురించి అడిగారు. సెన్సర్ సైజు అడిగిన పెళ్లికొడుకు తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు. "ఏం కెమెరా బాబూ, ఎంతవుతుంది?" అని అడిగే బాబాయి ఒకాయన ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. వాళ్ల మనవడికి కొనాలి, అంతే. మీ తెల్ల లెన్సు చూశాక ఆయన కూడా ఇంక ఏమీ అడగరు.

ఇక పాప. పెళ్లిళ్లకీ పాపకీ ఒకే కెమెరా అన్నది కాగితం మీద బాగుంటుంది. తెల్లారి నాలుగింటికి పెళ్లి నుంచి వచ్చినవాడు ఆ బ్యాగు మళ్లీ పది గంటలకి తెరవడు. ఆ బ్యాగు చూస్తేనే పని గుర్తొస్తుంది. నా కొడుకు చిన్నప్పటి ఫొటోలు నా దగ్గర ఎన్ని ఉన్నాయో చెబితే నవ్వుతారు, ఊళ్లో వాళ్ల పిల్లలవి వేలల్లో ఉన్నాయి. అందుకే 200డిని బ్యాగులో కాకుండా టీవీ పక్కన పెట్టండి. దానికి ఈఎఫ్-ఎస్ 24 ఎఫ్ 2.8 అని ఒక లెన్సు ఉంది, బిస్కెట్టంత మందం, 125 గ్రాములు. అది కూడా సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. బాడీతో కలిపి ఆరు వందల గ్రాములు దాటదు. ఇంట్లో అందరికీ ఒక చేత్తో పట్టుకునేంత. మీ ఆవిడకి ఇచ్చెయ్యండి, పాపతో మీరు కూడా ఒకటో రెండో ఫొటోల్లో పడతారు.

పాప ఏడుపుకి కెమెరా సైజు కారణం అనుకుంటున్నారు. కాకపోవచ్చు. ఎదురుగా నవ్వుతున్న నాన్న ముఖం ఒక్కసారిగా మాయమై నల్లటి డబ్బా వచ్చింది. పది నెలల పిల్ల ఏడవక ఏం చేస్తుంది? 200డి స్క్రీను పక్కకి తెరుచుకుంటుంది. దాన్ని పైకి తిప్పి, కెమెరాని ఒళ్లో పెట్టుకుని, చాప మీద కూర్చుని, పాప వంకే చూస్తూ తియ్యండి. స్క్రీనులో ముఖాన్ని పట్టుకునే ఫోకస్ ఆ మోడల్‌లో వ్యూఫైండర్ కంటే బాగా పనిచేస్తుంది. ఫ్లాష్ వద్దు, గుమ్మం దగ్గర వెలుతురు చాలు.

కొనేముందు ఒక్క పని చెయ్యండి. మీకు వచ్చే మొదటి పెళ్లికి ఆర్6నీ అడాప్టర్‌నీ అద్దెకి తెచ్చుకోండి. విజయవాడలో దొరుకుతుంది, రాజమండ్రిలోనూ అడగండి. మీ 70-200 తగిలించి ఆ ఒక్క రాత్రి తీసి చూడండి. మీ కుడిచేతి బొటనవేలికి బటన్లు అలవాటైతే సరే. కాకపోతే అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి, సోనీ సంగతి మాట్లాడదాం. అద్దెకిచ్చేవాళ్లు బ్యాటరీ ఒకటే పెట్టి పంపిస్తారు. రెండోది అడిగి తీసుకోండి.